నాన్న పోయాక చెరువూ పోయింది

ప్రశ్న:

నమస్కారమండీ. నాకు నలభై ఒక్కేళ్లు. మా నాన్న పోయి పది నెలలైంది. నాకు ఎనిమిదేళ్లున్నప్పటి నుంచి పొద్దున్నే ఆయన వెంట మా ఇంటి వెనక చెరువు దగ్గరికి వెళ్లేదాన్ని. ఆయనకు పిట్టల పిచ్చి. ఏ రోజు ఏ పిట్టలు ఎన్ని కనిపించాయో నోటుబుక్కులో రాసుకునేవారు. అలాంటివి పద్నాలుగు నోటుబుక్కులు ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి. బుడుబుంగ నీళ్లలో మునిగితే మళ్లీ ఎక్కడ తేలుతుందో పందెం వేసుకోవడం మా ఇద్దరి ఆట. పెళ్లయ్యాక కూడా పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఆడేవాళ్లం.

నాన్న 19 రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆ రోజుల్లోనే లారీలతో మట్టి తెచ్చి చెరువులో పోయడం మొదలుపెట్టారు. ఆస్పత్రికి పోతూ వస్తూ చూశాను. చూసి కూడా ఏమీ అనలేదు. నాన్న పోయిన మూడో నెలలో వెళ్లేసరికి సగం పూడిపోయింది. ఇప్పుడు మొత్తం చదును చేసి హద్దురాళ్లు పాతేశారు. ఒక తీతువు పిట్ట మాత్రం ఆ మట్టి మీద అరుస్తూ తిరుగుతోంది. ఆ అరుపు విన్న రోజు రాత్రంతా ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అదే నన్ను తినేస్తోంది.

"నాన్న కోసం ఏడవనిదానివి గుంట కోసం ఏడుస్తావా" అన్నాడు అన్నయ్య. మా ఆయన మంచివారే. కానీ నేను నోరు తెరిస్తే చాలు, "ఫిర్యాదు రాద్దామా, కేసు వేద్దామా" అంటారు. ఒకసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. పర్యావరణం వార్తలు చూడటం మానేసి ఏదైనా హాబీ పెట్టుకోమన్నారు. మళ్లీ వెళ్లలేదు. తాతయ్య బుడుబుంగలు ఎక్కడికి పోయాయని మా తొమ్మిదేళ్ల పాప అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు. కొన్ని రోజులు పొద్దున నిద్ర లేవకపోతే బాగుండనిపిస్తుంది. ఇది నిజంగా దుఃఖమేనా, నాకేమైనా పిచ్చి పడుతోందా? ఇదంతా ఎవరికి చెప్పుకోవాలి?

– ఒక కూతురు

సమాధానం:

పాప ప్రశ్నకూ మీ ప్రశ్నకూ మధ్యలో ఒక వాక్యం ఇరికించి దాటేశారు. పొద్దున నిద్ర లేవకపోతే బాగుండనిపిస్తుందని. ముందు దాని సంగతి చూద్దాం, చెరువు దగ్గరికి తర్వాత వెళ్దాం.

దుఃఖంలో ఉన్నవాళ్లకు ఈ మాట చాలామందికి తోస్తుంది. కొందరికి అది "ఒంట్లో ఓపిక లేదు, ఈ రోజు నాకు వద్దు" అన్నంత వరకే. కొందరికి అది అక్కడితో ఆగదు. మీది ఏదో ఇంత దూరం నుంచి నేను చెప్పలేను, మీరే చూసుకోవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన స్పష్టంగా వస్తోందా? ఎలా అని ఎప్పుడైనా మనసు లెక్క వేసిందా? వేసి ఉంటే ఈ ఉత్తరం ఇక్కడే ఆపి మీ ఆయన్ని పిలవండి. డాక్టర్ దగ్గరికో అత్యవసర విభాగానికో ఇవాళే వెళ్లండి. రాత్రిపూట అయితే ఆత్మహత్య ఆలోచనలున్నవారి కోసం నడిచే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అంతదాకా రాకపోయినా సరే, ఈ ఒక్క వాక్యాన్ని ఇంట్లో ఒకరికి పైకి చెప్పండి. "ఏదోలా ఉంది" అని తిప్పి చెప్పకుండా, నాకు రాసినట్టే చెప్పండి. ఆయన కంగారు పడతారని ఆగుతున్నారేమో. పడనివ్వండి. ఈ విషయంలో కాస్త కంగారు పడటం మంచిదే.

ఇక మీ ప్రశ్న. ఇది దుఃఖమే, పిచ్చి కాదు. మీకొచ్చింది మామూలు దుఃఖం. కాకపోతే దాన్ని వెళ్లబోసుకోవడానికి మీకు చోటు దొరకలేదు.

మనిషి పోతే నలుగురు వస్తారు. పక్కన కూర్చుంటారు, చేయి పట్టుకుంటారు, ఆయన గురించి ఒక మాట చెబుతారు. ఆఫీసులో సెలవిస్తారు. చెరువు పోతే ఎవరు వస్తారు? ఎవరూ రారు. అసలు పోయిందని కూడా ఎవరూ అనరు, "డెవలప్ అవుతోంది" అంటారు. ఇలా నలుగురి గుర్తింపుకు నోచుకోని శోకం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లోనే రాశారు. సంఘం ఒప్పుకోని బంధాలు, పురిట్లోనే పోయిన బిడ్డలు, పెంపుడు జంతువులు, ఇలాంటి వాటి కోసం ఏడ్చేవాళ్లకు ఏడవడానికి హక్కే లేనట్టు లోకం ప్రవర్తిస్తుందని ఆయన మాట. బాధకు తోడు దాన్ని దాచుకోవాల్సిన బరువు కూడా వచ్చి పడుతుంది. మీ అన్నయ్య "గుంట" అన్న ఒక్క మాటతో జరిగింది అదే.

చెరువు విషయంలో మీకున్నదానికి మన భాషలో ఎప్పటినుంచో ఒక మంచి మాట ఉంది. బెంగ. మామూలుగా ఊరు వదిలి వెళ్లినవాళ్లు ఇంటి మీద బెంగ పెట్టుకుంటారు. మీరు ఆ చోటును వదల్లేదు, చోటే మిమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. ఆస్ట్రేలియాలో హంటర్ లోయ అని ఒక ప్రాంతం ఉంది. బొగ్గు కోసం అక్కడి నేలను పైనుంచి తవ్వుకుంటూ పోతుంటే, సొంత ఇళ్లలోనే ఉంటున్నవాళ్లు ఇల్లు పోగొట్టుకున్నట్టు కుంగిపోవడం గ్లెన్ ఆల్బ్రెక్ట్ అనే తత్వవేత్త గమనించారు. ఆ బాధకు ఇంగ్లీషులో పేరే లేదని 2000ల మొదట్లో 'సోలాస్టాల్జియా' అని ఒకటి పుట్టించారు. 2018లో ఆష్లీ కున్సోలో, నెవిల్ ఎలిస్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని సూటిగా శోకమనే పిలిచారు. కెనడా ఉత్తరాన సముద్రపు మంచు కరిగిపోతుంటే చూస్తున్న ఇన్యూట్ ఆదివాసులతోనూ, ఆస్ట్రేలియాలో సొంత నేల చెడిపోతుంటే చూస్తున్న గోధుమ రైతులతోనూ మాట్లాడాక వాళ్లు ఆ మాట అన్నారు. ఈ పేర్లన్నీ చెబుతున్నది మీకు ఒక జబ్బు అంటగట్టడానికి కాదండీ. మీలాంటివాళ్లు చాలామంది ఉన్నారని తెలియాలని.

మిమ్మల్ని తినేస్తోందన్న విషయానికి వస్తాను. నాన్న కంటే చెరువు కోసం ఎక్కువ ఏడ్చారని. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో నాన్న చెరువు దగ్గర తప్ప ఇంకెక్కడా లేరు. కుర్చీలో కూర్చున్న నాన్న లేరు, పేపర్ చదివే నాన్న లేరు. గట్టు మీద నోటుబుక్కు పట్టుకుని, బుడుబుంగ ఎక్కడ తేలుతుందా అని మీతో పందెం కాసే నాన్నే ఉన్నారు. మనిషి పోయాక ఆయన్ని తలుచుకోవడానికి మనకో చోటు కావాలి. మీ చోటు అది. మూడో నెలలో ధైర్యం చేసి అక్కడికి వెళ్తే మట్టికుప్పలు కనిపించాయి. ఐసీయూ రోజుల్లో మందులు, బిల్లులు, సంతకాలు, ఫోన్లు. అప్పుడు మీకు ఏడవడానికి తీరిక ఎక్కడిది? ఆ తర్వాత వచ్చినవాళ్లను చూసుకోవడంతోనే సరిపోయి ఉంటుంది. ఆ తీతువు అరిచిన రాత్రి మీరు ఎవరి కోసం ఏడ్చారో విడదీసి చెప్పగలరా? నేనైతే విడదీయలేను, విడదీయాల్సిన పని కూడా లేదనుకుంటాను. నాన్నకు రావాల్సిన కన్నీళ్లు చెరువు వాటాలోకి పోలేదు. ఆ రాత్రి ఆయన రెండోసారి పోయారు.

ఆ తీతువు గురించి ఒక మాట. ఇది ఓదార్పు కాదు, సంగతి మాత్రమే. తీతువులు బయలు నేల మీదే చిన్న గుంటలో గుడ్లు పెడతాయి. దగ్గరికి ఎవరైనా వస్తే చుట్టూ తిరుగుతూ అరుస్తాయి. మీరు విన్నది ఏడుపో, "నా గుడ్లు తొక్కకు" అన్న తిట్టో నాకు తెలియదు. మీ నాన్నగారైతే చెప్పేవారు.

"చూసి కూడా ఏమీ అనలేదు" అన్నారు. ఆ 19 రోజుల్లో మీరు లారీల ముందు నిలబడి ఉంటే ఐసీయూ బయట ఎవరు ఉండేవారు? ఒక మనిషి ఒకేసారి రెండు చోట్ల కాపలా కాయలేదు. ఇంతకు మించి దీని గురించి వాదించను, ఎందుకంటే తప్పు చేశానన్న భావం వాదిస్తే పోదు. అయితే ఒకటి గమనించండి. నాన్నగారి జబ్బు మీద కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా మనిషి లేడు. చెరువు విషయంలో ఉన్నారు. మట్టి పోసినవాళ్లున్నారు, పోయించినవాళ్లున్నారు, చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్లున్నారు. మనుషులు చేసిన నష్టంలో శోకంతో పాటు కోపం తప్పక ఉంటుంది, ఉండటం న్యాయం కూడా. అది బయటికి పోయే దారి లేనప్పుడు మన మీదికే తిరుగుతుంది. మీ నేరభావంలో సగం అలా తిరిగొచ్చిన కోపమేనేమో చూసుకోండి.

ఎవరికి చెప్పుకోవాలన్నదే మీ అసలు ప్రశ్న. దీనికి తీరిగ్గా జవాబు చెబుతాను.

మీరు ఒక్క మనిషి కోసం వెతుకుతున్నారు. నాన్న తెలిసి, చెరువు తెలిసి, పిట్టలు తెలిసి, మీ మనసు తెలిసి, సలహా ఇవ్వకుండా వినే మనిషి కోసం. అలాంటి మనిషి మీకు ఒక్కరే ఉండేవారు. పది నెలల కిందట పోయారు. మిగిలినవాళ్లలో ఆ మనిషిని వెతికితే ప్రతి ఒక్కరూ తక్కువగానే కనిపిస్తారు. అందుకని ముక్కలుగా వెతకండి. ఒకరి దగ్గర నాన్న దొరుకుతారు, ఇంకొకరి దగ్గర చెరువు, మరొకరి దగ్గర ఊరికే ఒక భుజం.

మీ ఆయనతో మొదలుపెడదాం, ఎందుకంటే అది అన్నిటికంటే సులువు. కష్టం చూస్తే పనిలోకి దిగే రకం ఆయన. అలాంటివాళ్లకు వినడం కూడా ఒక పనిగా అప్పగించాలి. మాట మొదలుపెట్టే ముందే చెప్పండి: "పది నిమిషాలు మాట్లాడతాను. దీనికి పరిష్కారం వద్దు. మీరు వింటే చాలు. చివర్లో 'అవును, చాలా బాధ' అనండి, అంతే." నవ్వొస్తుందా? పని చేస్తుంది, చేసి చూడండి. ఎదుటివాళ్లు వినరని మనం అనుకునే సందర్భాల్లో చాలాసార్లు వాళ్లకు మన బాధ చూస్తూ ఊరికే కూర్చోవడం చేతకాదు, అంతే. నేనూ ఒకప్పుడు అలాగే చేశాను. కొడుకును పోగొట్టుకున్న ఒక స్నేహితురాలికి అరగంట ధైర్యం చెప్పాను. ఆఖరికి ఆవిడే నా వీపు నిమిరి పంపించింది. ఆవిడకు నా నుంచి కావలసింది వాడి పేరు ఒకసారి పలకడమేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

అన్నయ్య సంగతి కష్టం. ఆ మాట అనకుండా ఉండాల్సింది, అది క్రూరమైన మాటే. కానీ ఆయనకూ నాన్న పోయారు. చెరువు దగ్గరికి పొద్దున్నే వెళ్లింది మీరిద్దరే కదా, ఆయన వెళ్లినట్టు మీరు రాయలేదు. నాన్నతో మీకున్న ఆ చోటు ఆయనకు ఎప్పుడూ లేకపోయి ఉండొచ్చు. "గుంట" అన్న మాటలో కాస్త ఉడుకుమోత్తనం ఉందేమో. ఇది నా ఊహ మాత్రమే, తప్పు కావచ్చు. ఆయనకు చెరువు గురించి నచ్చజెప్పే పని పెట్టుకోకండి. నాన్న గురించి అడగండి. "నువ్వూ నాన్నా కలిసి వెళ్లిన చోటు ఏదైనా ఉందా?" అని. జవాబు చెబితే మీకు తెలియని నాన్న ఒకరు దొరుకుతారు. చెప్పకపోతే ఈ ఏడాదికి వదిలేయండి. ప్రతి బంధాన్నీ ఇప్పుడే సరిచేయాల్సిన అవసరం లేదు.

చెరువును తలుచుకోవడానికి మాత్రం బయటి మనిషి కావాలి, ఆ చెరువును ఎరిగిన మనిషి. అక్కడ గాలం వేసేవాళ్లు, పొద్దున నడిచేవాళ్లు, పశువుల్ని తోలుకొచ్చేవాళ్లు ఉండే ఉంటారు. ముప్పై ఏళ్లకు పైగా మీరు వెళ్లిన గట్టు అది. నాన్నగారికి తలూపి పలకరించిన ముసలాయన ఒకరైనా మీకు గుర్తుండాలి. వెళ్లి, "నేను ఫలానా ఆయన కూతుర్ని, పిట్టలు చూసే ఆయన" అని చెప్పండి. ఇంకేమీ అడగొద్దు. అలా అడక్కుండా వచ్చే మాటలు కౌన్సెలింగ్ గదిలో దొరకవు. చెరువు ఉండేదని, ఇప్పుడు లేదని, అది నష్టమేనని ఇంకొక నోటి నుంచి వినడమే మీకు ఇప్పటిదాకా జరగనిది. పది నెలలుగా ఒక్కరే దానికి సాక్ష్యం మోస్తున్నారు.

కౌన్సెలర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి అంటే విసుక్కోకండి. ఆ మనిషి దగ్గరికే వెళ్లమనడం లేదు. ఒక డాక్టరు మందు పడకపోతే ఇంకొకరిని చూస్తాం కదా, ఇదీ అంతే. ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి. అయినవాళ్లు పోయినవాళ్లతో పనిచేసిన అనుభవం మీకుందా? నాన్నతో పాటు నేనొక చోటునూ పోగొట్టుకున్నాను, దాని గురించి మాట్లాడితే మీకు ఇబ్బందా? రెండో ప్రశ్నకు అవతలి నుంచి వచ్చే జవాబు కంటే జవాబుకు ముందు వచ్చే నిశ్శబ్దం, గొంతు తీరు ఎక్కువ చెబుతాయి. "ఆ చోటు గురించి చెప్పండి" అన్నవాళ్లను పట్టుకోండి. "అది తర్వాత చూద్దాం, ముందు నాన్నగారి విషయం" అన్నా పరవాలేదు. నవ్వినవాళ్లను వదిలేయండి. మొదటి గంటలోనే చిట్కాలు ఇచ్చేవాళ్లనూ నేనైతే వదిలేస్తాను.

పాత కౌన్సెలర్ మాటలో ఒక పావలా వంతు నిజం ఉంది. అర్ధరాత్రి ఫోన్‌లో ఎండిన నదులు, తగలబడుతున్న అడవులు చూస్తూ కూర్చోవడం దుఃఖించడం కాదు, పుండును గీరుకోవడం. పడుకునే ముందు అది ఆపండి. కానీ మీ చెరువు వార్తల్లో లేదు, పుట్టింటి కిటికీ బయట ఉంది. కిటికీని మానేయమని ఎవరు చెప్పగలరు?

ఇలాంటి దుఃఖం ఉన్నవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకునే బృందాలు కూడా ఉన్నాయి. 2016లో అమెరికాలో ఇద్దరు కలిసి మొదలుపెట్టిన గుడ్ గ్రీఫ్ నెట్‌వర్క్ అలాంటిదే. పర్యావరణం గురించిన దిగులును పది మెట్లుగా, బృందంగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి వాళ్లది. ఆన్‌లైన్‌లో కూడా నడుపుతారు, అయితే ఇంగ్లీషులో. దుఃఖం సొంత భాషలోనే వస్తుంది కాబట్టి అది మీకు ఎంత పనికొస్తుందో మీరే చూసుకోవాలి. ఏ బృందంలో చేరినా మొదటి రోజు ఒకటి గమనించండి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఊరుకుంటున్నారా, లేక సలహాలతో మీద పడుతున్నారా? లోకం అంతమైపోతోందని ఒకరినొకరు భయపెట్టుకునే చోట ఉండకండి. మొదటి రోజే ధర్నాకు రమ్మనే చోట కూడా ఇప్పుడు వద్దు. పోరాటం మంచిదే, కొందరికి అదే ఊపిరి పోస్తుంది. కానీ దాన్ని శోకానికి మందుగా తాగితే, కేసు ఓడిన రోజు నాన్న మూడోసారి పోతారు. మీకే కాళ్లు కదిలిన రోజున వెళ్దురుగాని.

శోకానికి ఐదు మెట్లుంటాయని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఒప్పుకోకపోవడం, కోపం, బేరాలు, కుంగుబాటు, చివరికి ఒప్పుకోవడం. ఎలిసబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వాటి గురించి రాసింది చావుకు దగ్గరైన రోగులను చూసి. మిగిలినవాళ్లు వరుసగా ఎక్కాల్సిన మెట్లుగా అవి తర్వాత మారిపోయాయి. నాకు నచ్చిన మాట వేరే ఉంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు 1999లో చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు గదుల మధ్య తిరుగుతూ ఉంటాడని దాని సారం. ఒక గదిలో పోయినవాళ్ల కోసం ఏడుపు, రెండో గదిలో కరెంటు బిల్లు, పిల్లల స్కూలు, కొత్త పనులు. అటూ ఇటూ తిరగడమే ఆరోగ్యం, ఏ ఒక్క గదిలో తాళం వేసుకుని ఉండిపోయినా కష్టమే. మొన్న మీరు ఏదైనా జోకుకు పగలబడి నవ్వి ఉంటే ఆ పూట మీరు రెండో గదిలో ఉన్నారు, అంతే. నాన్నను మర్చిపోలేదు.

తాళం పడిందని ఎలా తెలుస్తుంది? మనిషి పోయిన శోకం మరీ ఎక్కువ కాలం, మరీ గట్టిగా పట్టుకుని రోజు గడవనివ్వకపోతే దాన్ని వైద్యం అవసరమైన స్థితిగా ఇప్పుడు గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు దాటాక, 2022లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల లెక్కలో పెద్దవాళ్లకైతే ఏడాది దాటాక. నెలల లెక్క ఒక్కటే చూసుకుని భయపడకండి. తిండి, నిద్ర, పని, పాపతో మాట, వీటిలో ఎన్ని ఇంకా సాగుతున్నాయో చూడండి. సగం ఆగిపోయి ఉంటే డాక్టరుకు చెప్పాల్సిందే. నిద్ర లేవకపోతే బాగుండనే మాట ఇంకా వస్తుంటే ఈ లెక్కలేవీ చూడకుండానే చెప్పాలి.

ఇప్పుడు పాప ప్రశ్న. "అన్నీ ఇంకో చెరువుకు వెళ్లి హాయిగా ఉన్నాయమ్మా" అని చెప్పకండి. తొమ్మిదేళ్ల పిల్లకు అబద్ధం వాసన తెలుస్తుంది, పైగా ఆ పిల్ల తాతయ్య లెక్క తప్పకుండా రాసుకున్న మనిషి. నిజమే చెప్పండి. బుడుబుంగలు ఎగరలేవనిపిస్తుంది గానీ ఎగురుతాయి, కాబట్టి పెద్దవి వేరే నీళ్లు వెతుక్కుంటూ వెళ్లి ఉంటాయి. దొరికాయో లేదో మనకు తెలియదు. వాటి గూడు నీటి మొక్కలతో కట్టుకున్న తెప్పలాంటిది, నీళ్లు లేకపోతే గూడు లేదు. అప్పుడు గూట్లో గుడ్లు ఉండి ఉంటే అవి బతికి ఉండవు. ఇది చెప్పాక పాప ఏడిస్తే మీరూ ఏడవండి. ఈ ఇంట్లో చెరువు కోసం ఏడ్చే రెండో మనిషి తనే. అయితే మీకు ఓదార్పు చెప్పే పని మాత్రం పాప మీద పడకుండా చూసుకోండి. అది పెద్దవాళ్ల పని. తర్వాత ఎప్పుడైనా నీళ్లున్న ఇంకో చోటికి తీసుకెళ్లి, మునిగిన పిట్ట ఎక్కడ తేలుతుందో పందెం కాయండి. మీకు మనసొచ్చినప్పుడే. ఆ ఆటకు మీ గొంతు పూడుకుపోతుందని నాకు తెలుసు.

ఆ చోటు కోసం ఏదైనా చేయాలనిపిస్తే సిగ్గుపడకండి. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం కరిగి కరిగి, ఇక దాన్ని హిమానీనదం అనలేమని 2014లో తేల్చారు. 2019 ఆగస్టులో జనం ఆ కొండ ఎక్కి దానికి స్మారక ఫలకం పెట్టారు. ఆ దేశ ప్రధానమంత్రి కూడా వెళ్లారు. అంతరించిపోయిన జీవుల్ని తలుచుకోవడానికి 2011 నుంచి కొందరు ఏటా నవంబర్ 30ని పాటిస్తున్నారు. మీకు ఫలకాలు, తేదీలు అక్కర్లేదు. ఒక సాయంత్రం ఆ హద్దురాళ్ల దగ్గర నిలబడి, నోటుబుక్కులో ఒక రోజు పేజీ పైకి చదివి వచ్చినా చాలు. వెంట ఒక్కరిని తీసుకెళ్లండి. అన్నిటికంటే ఇదే ముఖ్యం, ఒంటరిగా వద్దు.

చివరగా ఆ పద్నాలుగు నోటుబుక్కులు. వాటిని మీరు జ్ఞాపకాలుగా దాచారు. అవి లెక్కలు కూడానండీ. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్ర కేంద్రం 2002 నుంచి నడుపుతున్న పక్షుల లెక్కల వెబ్‌సైట్ ఈబర్డ్‌లో పాత నోటుబుక్కుల లెక్కలను కూడా ఎక్కించవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. తేదీ, చోటు, పిట్టల పేర్లు ఉంటే చాలు. ఎన్ని గంటలకు వెళ్లారో, ఎంతసేపు చూశారో రాసి లేకపోయినా పాత లెక్కగా తీసుకుంటారు. ఏ కాలంలో ఏ పిట్టలు ఎక్కడ ఉండేవో తెలుసుకోవడానికి పరిశోధకులు వాడేది ఇలాంటివాటినే. పూడ్చేసిన చెరువులో ఒకప్పుడు ఏముండేదో చెప్పే కాగితం బహుశా మీ బీరువాలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇది ఈ నెలలోనే చేయాలని లేదు. చేస్తే మాత్రం మీ దగ్గర్లో పిట్టలు చూసేవాళ్లను ఒకరిని సాయం అడగండి. నాన్నగారి చేతిరాతలో కొక్కిరికాళ్లలా ఉన్న ఒక పేరు దగ్గర ఆగి, "ఇది నీటికాకా, జంబుకోడా?" అని ఇద్దరూ కళ్లద్దాలు సర్దుకునే ఆ అరగంట మీకు కావాలి.

ఆఖరి నోటుబుక్కు ఏ తేదీ దగ్గర ఆగిందో మీరు రాయలేదు. ఇంకా తెరవలేదనుకుంటాను. తెరిచేటప్పుడు అన్నయ్యను పిలిచి చూడండి. రానంటే మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, పది నిమిషాలే అని చెప్పి.